తాగి పడుకున్న రోజులు

నోలా పక్కదుప్పట్లు తొట్టిలో నానబెట్టి, చేతులు తుడుచుకుని డీన్‌కి మెసేజ్ పెట్టాను. "రాత్రి వైను కాస్త ఎక్కువైంది. తల ఎత్తలేకపోతున్నాను. ఇవాళ్టికి నన్ను వదిలెయ్." క్షణంలో జవాబు వచ్చింది. పడీపడీ నవ్వే బొమ్మలు, వాటి కింద "నీకిది మామూలేగా! నీళ్ళు బాగా తాగు" అని. నేను ఆ పొద్దున తాగింది పాలు లేని టీ. అదీ సగం కప్పే, మిగతా సగం నోలా చెయ్యి విసిరితే నేలపాలైంది. నోలా మా అత్తగారు. ఆవిడకి మతిమరుపు జబ్బు. ఆ తెల్లవారుజామున పక్క తడిపేసుకుని, తనింకా చిన్నపిల్లనని, వాళ్ళమ్మ చూస్తే చంపేస్తుందని, దుప్పట్లు మంచం కింద దాచడానికి నాతో పెనుగులాడింది. అరవై కిలోల చిన్నపిల్ల. వారిక్ అప్పటికే వెళ్ళిపోయాడు. మా ఆయన పశువుల సంతలో బేరాలు కుదిర్చే ఏజెంటు, సంత ఉన్న రోజు చీకటితోనే బయల్దేరతాడు.

నేను పాల ఫ్యాక్టరీలో ట్యాంకర్లు పంపే గదిలో పనిచేసేదాన్ని. ఏ ట్యాంకరు ఏ రైతు పాడికి ఎప్పుడు వెళ్ళి పాలు ఎత్తుకు రావాలో చూడటం మా పని. గదిలో ఇద్దరమే, నేనూ లాకీ. లాకీకి ముప్ఫై లోపే. ఊరి ఫుట్‌బాల్ జట్టులో ఆడతాడు. మా మేనేజరు డీన్ ఆ జట్టుకి కోచ్. ఇంక చెప్పేదేముంది. మా దగ్గర అందరం ఒకరినొకరం పేరు పెట్టే పిలుచుకుంటాం, మేనేజరుని కూడా. ఎవరు పైనో ఎవరు కిందో మామూలు రోజుల్లో తెలీదు, వేటు పడ్డాకే తెలుస్తుంది.

మా వైపు డుమ్మా కొట్టడం తప్పు కాదు, ఒక ఘనకార్యం. శనివారం మ్యాచ్ గెలిస్తే సోమవారం సగం ఫ్యాక్టరీకి కడుపునొప్పి. మంగళవారం వచ్చి ఎవరెంత తాగారో, ఎవరెక్కడ పడిపోయారో కథలుగా చెప్పుకుంటారు. డీన్ కూడా చెప్తాడు. సాకు ఎంత విడ్డూరంగా ఉంటే అంత మెప్పు. నేను మొదటిసారి నిజమే చెప్పాను. "మా అత్తగారికి బాలేదు, ఇంట్లో చూసేవాళ్ళు లేరు, ఇవాళ రాలేను" అన్నాను. ఫోనులో డీన్ నిట్టూర్చడం వినబడింది. "మళ్ళీ ఇంటి గొడవా?" అన్నాడు. మళ్ళీ ఏమిటి, అదే మొదటిసారి. మర్నాడు నా బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని ఎంతో ప్రేమగా, "నీ మీద భారం ఎక్కువైనట్టుంది రేలీన్. వారానికి మూడు రోజులైతే నీకు తేలికేమో ఆలోచించుకో" అన్నాడు. అదే వారంలో లాకీ తాగింది దిగక ఒకరోజు మానేసి, ఎర్రటి కళ్ళతో వస్తే వీపు మీద చరిచి, "బతికే ఉన్నావట్రా!" అని నవ్వాడు. నాకేం తెలివి తక్కువా? తర్వాతి సారి నోలా స్నానాలగదిలో పడిపోయినప్పుడు "నిన్న చెల్లెలి పుట్టినరోజు, ఇవాళ నేను ఈ లోకంలో లేను" అని రాశాను. ఫ్యాక్టరీ అంతా నవ్వారట. మూడు రోజులైతే తేలికేమోనని ఎవరూ అనలేదు. ఆ క్రిస్మస్‌కి పేరు చెప్పకుండా ఇచ్చుకునే కానుకల్లో నాకు బీరుసీసా చల్లగా ఉంచే తొడుగు వచ్చింది. నాకు చెల్లెలు లేదు. బీరు వాసన నాకు పడదు.

ఇందులో తమాషా ఏమిటంటే చట్టప్రకారం రెండూ ఒకటే సెలవు. మనకి జబ్బు చేసినా, ఇంట్లోవాళ్ళకి జబ్బు చేసి మనం చూసుకోవాల్సి వచ్చినా ఒకే ఖాతాలోంచి తీస్తారు. నేను ఎవరి సొమ్మూ తినలేదు, నాకు రాసిపెట్టి ఉన్న రోజులే వాడుకున్నాను. మాట ఒక్కటే మార్చాను. పైగా నిజం చెప్పే వీలు ఇంట్లో కూడా లేకపోయింది. నోలా ఒకప్పుడు ఊరి మహిళా సంఘానికి అధ్యక్షురాలు. ఆవిడ చేసిన కేకు లేకుండా ఈ ఊళ్ళో పెళ్ళి జరగలేదు, చావూ జరగలేదు. "అమ్మ సంగతి ఊళ్ళో పొక్కనివ్వకు రేల్. అమ్మని అందరూ జాలిగా చూస్తే నేను తట్టుకోలేను" అన్నాడు వారిక్. అతను తట్టుకోలేని వాటి జాబితా పెద్దదే. అమ్మ ఒంటిమీద బట్టల్లేకుండా కనబడితే తట్టుకోలేడు. అమ్మ తనని పేరు పెట్టి పిలవకపోతే తట్టుకోలేడు. ఆ వాసన తట్టుకోలేడు. "నువ్వైతే బాగా చేస్తావు" అంటాడు. పెర్త్ నుంచి ఆడపడుచు గ్లెండా ఆదివారం ఆదివారం ఫోన్ చేసి "నువ్వు దేవతవి రేలీన్, నావల్లయితే కాదమ్మా" అంటుంది. మరిది రాస్ గనుల్లో పని, వాడు ఫోను కూడా చెయ్యడు. బాగున్న రోజు నోలాని టీవీ ముందు కూచోబెట్టి, మధ్యాహ్నం భోజనాల వేళ నేను కారేసుకుని వచ్చి, తినిపించి, బట్టలు మార్చి వెళ్ళేదాన్ని. నా భోజనం స్టీరింగు ముందే. బాగాలేని రోజు తాగి పడుకునేదాన్ని.

మెల్‌బోర్న్ హెడ్డాఫీసువాళ్ళు ట్యాంకర్ల దారులు వేసే పని కంప్యూటరుకి అప్పగించేశారు. ఇక ఆ గదిలో ఒక్కరు చాలు. ఈ మాట చెప్పడానికి ఇమోజెన్ అనే అమ్మాయి వచ్చింది, సిబ్బంది వ్యవహారాలు చూసే ఆవిడ. మమ్మల్నిద్దర్నీ విడివిడిగా పిలిచి, ఇంకా ఏమీ తేల్చలేదని, ముందు మా మాట వినడం తమ బాధ్యతని చెప్పింది. నాకు నవ్వొచ్చింది గాని, నిజం చెప్పొద్దూ, ఆ మాట హాయిగా కూడా అనిపించింది. ఏదైనా తేల్చేముందు నన్ను కూచోబెట్టి నువ్వేమంటావని అడిగినవాళ్ళు నాకు గుర్తున్నంతలో లేరు. వెంట ఎవరినైనా తోడు తెచ్చుకోవచ్చంది. వారిక్‌ని అడిగితే ఆ రోజు దూడల సంత అన్నాడు.

రెండో సమావేశంలో, ఇద్దరిలో ఎవరిని ఉంచాలో తేల్చిన కొలతల పట్టిక చూపించారు. దాచిపెట్టలేదు, బల్లమీద నా వైపు తిప్పి పెట్టారు. పని వచ్చా, పని ఎంత బాగా చేస్తారు, హాజరు ఎలా ఉంది, అనుకోకుండా అవసరం పడితే ఆగి పనిచేస్తారా. లాకీకీ నాకూ ఒకే గీతలు, ఒకే లెక్క. మొదటి రెంటిలో నేనే పైన. హాజరులో కింద, ఆగి పనిచెయ్యడంలో ఇంకా కింద. మొత్తం కూడితే లాకీ మిగిలాడు, నేను పోయాను. సాయంత్రం నాలుగున్నరకి టంచనుగా లేచి వెళ్ళిపోతానట. వెళ్ళిపోతాను. ఇంట్లో ఒక మనిషి స్టవ్వు వెలిగించి ఊరుకుంటుందేమోనన్న భయంతో ఎర్రదీపాల దగ్గర పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళిపోతాను. లాకీకి ఈ పని నేర్పింది నేను, ఆ గడి లేదు. ఎవరు ఉద్యోగం మానేస్తున్నా టీ పార్టీ ఏర్పాటు చేసి, కార్డు మీద అందరి చేత సంతకాలు పెట్టించి, అందరూ వెళ్ళాక ప్లేట్లు కడిగింది నేను, ఆ గడీ లేదు. భార్య వదిలేసిన ట్యాంకరు డ్రైవరు నా బల్ల పక్కన నిలబడి ఏడ్చేవాడు, వాణ్ణి సముదాయించి బండెక్కించడం కూడా ఎక్కడా లేదు. ఇమోజెన్ తప్పేమీ లేదు. ఆ పిల్ల నిజంగానే న్యాయంగా కొలిచింది. కొలవాల్సినవి ఏవో ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదంతే.

బయటికి వచ్చాక డీన్ నన్ను కారు దాకా దిగబెట్టాడు. గాలి విసురుగా కొడుతోంది. కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నాడు, నటన కాదు. "తప్పు నాదే రేలీన్" అన్నాడు. "నీ స్నేహితుడిగా నేనే చెప్పి ఉండాల్సింది, కాస్త తాగుడు తగ్గించుకోమని." నేను ఏమీ అనలేదు. అననందుకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇంటికొచ్చి చెప్తే వారిక్ దగ్గరికి తీసుకున్నాడు. మాంసం వేయించాను, బఠానీలు ఉడకబెట్టాను. తింటూ తింటూ, "పోనీలే, ఒకందుకు మంచిదే అయింది" అన్నాడు. ఎందుకు మంచిదో అప్పుడే అర్థమైంది, అయినా అడిగాను. నెల క్రితం ఊరి వృద్ధాశ్రమంలో నోలా పేరుకి వంతు వచ్చింది. గది ఖాళీ అవుతోందని కబురు చేశారు. ఆ కబురు విన్న రోజు నేను స్నానం చేస్తూ గట్టిగా ఏడ్చాను, సంతోషంతో. "వాళ్ళకి ఫోన్ చేసి ప్రస్తుతానికి వద్దని చెప్పేశాను" అన్నాడు.

"ఎప్పుడు చెప్పావు?"

"మొన్న. మీ ఆఫీసులో ఈ గొడవ మొదలైందన్నావు చూడు, ఆ రోజే. గ్లెండాతో కూడా మాట్లాడాను. తను ఎంత సంతోషించిందో. అమ్మని పరాయివాళ్ళ చేతుల్లో పెట్టక్కర్లేదు కదా అంది."

"మొన్నటికి నా ఉద్యోగం పోలేదు వారిక్."

"పోతుందని తెలుస్తూనే ఉంది కదా రేల్. అందుకని ముందే చూసుకున్నాను." ముక్క కోసుకుని నోట్లో పెట్టుకున్నాడు. "నీకూ విశ్రాంతిగా ఉంటుంది."

ఫ్యాక్టరీవాళ్ళు నయం. రెండుసార్లు పిలిచారు, నువ్వేమంటావన్నారు, ఎందుకు నిన్నే అన్నదానికి ఏదో ఒక కొలత చూపించారు. తోడు తెచ్చుకోవచ్చన్నారు. ఇక్కడ ముగ్గురు పిల్లల్ని కన్న తల్లిని చూసుకోడానికి, ఆ ముగ్గురినీ వదిలేసి కోడల్ని ఎంపిక చేశారు, అదీ కోడలు ఇంట్లో లేని పూట. ఎవరి హాజరు ఎంత, ఎవరికి చేతనవును, ఎవరు అవసరం పడితే ఆగుతారు, ఇవేవీ ఎవరూ లెక్కెయ్యలేదు. ఈ ఉద్యోగానికి పోటీ పడ్డది నేనొక్కదాన్నే, ఎంపికైంది నేనొక్కదాన్నే. ఇందులోంచి నన్ను ఎప్పటికీ తీసెయ్యరు. మర్నాడు ఆశ్రమానికి నేనే ఫోన్ చేశాను. అక్కడి ఆవిడ మంచిది. "ఇంట్లో రోజంతా మనిషి ఉంటే మీ పేరు వెనక్కి పోతుందమ్మా. మీరు ఉద్యోగంలో ఉంటే గది మీదే. నెలాఖరు దాకా ఆపగలను" అంది. వారిక్‌కి చెప్పాను. "సరే, నీ ఉద్యోగం నీకు తిరిగొస్తే అమ్మని పంపుదాం. అప్పుడైతే గ్లెండాకి నేనే చెప్తాను" అన్నాడు. అది మాట. వారిక్ మాట ఇస్తే తప్పడు.

స్లావిట్సా మా ఫ్యాక్టరీ యూనియన్ మనిషి. వెన్న ప్యాకెట్లు కట్టే చోట పని, గొంతు మూడు షెడ్లకి వినబడుతుంది. మా వంటింట్లో కూచుని అంతా వింది. నోలా మా ఇద్దరి మధ్యా కూచుని రుమాళ్ళు మడతపెడుతోంది, మడతపెట్టినవి మళ్ళీ విప్పుతోంది. "చూడూ" అంది స్లావిట్సా, "అన్యాయంగా తీసేశారని ఫిర్యాదులు వినే కమిషన్‌కి వెళ్తే, ఉద్యోగం నిజంగానే లేకుండా పోయిందా, ముందే పిలిచి మాట్లాడారా, వేరేచోట సర్దే వీలుందా, ఈ మూడే అడుగుతారు. ఇద్దరిలో నిన్నే ఎందుకు తీశారు అనేది అక్కడ పెద్దగా పట్టించుకోరు. ఆ దారిలో వెళ్తే మనకి ఏమీ దొరకదు. కానీ ఇంకో దారి ఉంది. ఇంట్లోవాళ్ళని చూసుకోడానికి సెలవు పెట్టినందుకు తీసేస్తే అది చట్టం ఒప్పుకోదు. ఆ సెలవు కారణం కాదని వాళ్ళే నిరూపించుకోవాలి. నువ్వు కాదు." అప్పుడు నా మెసేజ్‌లు చూపించాను. ఒక్కొక్కటే చదివింది. మొదట ఒకదానికి నవ్వింది కూడా. తర్వాత ఫోను బల్లమీద బోర్లా పెట్టి, "నీకేమైనా పిచ్చా?" అంది నెమ్మదిగా. స్లావిట్సా నెమ్మదిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "నువ్వు ముసలమ్మని చూసుకుంటున్నావని వాళ్ళకి తెలిస్తేనే కదా, అందుకే తీశారని అనగలిగేది?"

"మొదటిసారి చెప్పాను."

"ఒక్కసారి. ఫోనులో. డీన్‌కి. వాడికి నిన్నటి సంగతే గుర్తుండదు." రుమాలు ఒకటి తీసుకుని తనూ మడతపెట్టింది. "సరే, మూడు వారాల్లోపు ఫిర్యాదు వెయ్యాలి, వేసేద్దాం. ఆ రోజుల్లో నువ్వు ఇంట్లో ఈవిడ పని చేస్తున్నావని చెప్పేవాళ్ళు ఒక్కరు కావాలి. అప్పుడు ఆ తాగుడు కథలు ఎందుకు రాయాల్సొచ్చిందో నేను చెప్తాను. డీన్ నోటితోనే ఒప్పిస్తాను. ఎవరున్నారు?"

ఆ రోజుల్లో ఇంట్లో ఉన్నది నేనూ నోలా. నోలా తల ఎత్తి స్లావిట్సాని చూసి, "ఈ అమ్మాయి మంచిదమ్మా, కొత్తగా పనిలో చేరింది" అంది.

ఆ వారంలోనే లాకీ నా సామాను పెట్టెలో పెట్టి తెచ్చాడు. కప్పు, చలికోటు, ఆ బీరు తొడుగు. గుమ్మంలోనే నిలబడి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు. కూచోమన్నా కూచోలేదు. "నేనేం అడగలేదు రేలీన్. నిన్ను తీసెయ్యమని నేను అనలేదు" అన్నాడు. తెలుసన్నాను. "నాకూ భయంగానే ఉండింది తెలుసా. కానీ పాప పుట్టాక నేను ఒక్కరోజు కూడా మానలేదు. తాగడం కూడా మానేశాను. అదే నన్ను కాపాడింది" అన్నాడు, కొంచెం గర్వంగా.

"పాపకి జ్వరం వస్తేనో?"

"టీగన్ ఉంటుందిగా."

టీగన్ వాడి పెళ్ళాం. మందుల షాపులో పని, వెళ్ళిన పూటకే కూలి, మానితే లేదు. పాపకి చెవిపోటు అని మొన్న చలికాలమంతా మానిందని షాపులో ఇంకో అమ్మాయి చెప్పింది. ఆ షాపువాళ్ళు టీగన్‌ని పిలవడం తగ్గించేశారట, నమ్మలేమని. లాకీ హాజరు గడిలో నిండుగా కనబడ్డవి వాడి రోజులు కావు, ఆ పిల్లవి. వాడికది తట్టలేదు. నేను చెప్పబోయి ఊరుకున్నాను, చెప్తే వాడు చేసేదేముంది, ఇంటికెళ్ళి టీగన్‌కి థాంక్స్ చెప్తాడు, అంతే. "పాప జాగ్రత్త" అన్నాను. పెట్టె కింద పెట్టి వెళ్ళిపోయాడు.

కమిషన్ పెట్టిన మధ్యవర్తితో మాట్లాడే రోజు వారిక్ సెలవు పెట్టాడు. పెళ్ళయ్యాక నా కోసం అతను సెలవు పెట్టడం అదే మొదటిసారి. షేవ్ చేసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోనులో జరిగేదానికి కూడా బూట్లు తొడుక్కుని నా పక్కన కూచున్నాడు. ముందురోజు అడిగాను, "నేను ఆ రోజుల్లో ఇంట్లో ఉన్నానని చెప్తావు కదా?" అని. "నిజం చెప్తాను రేల్. నేనెప్పుడైనా అబద్ధం చెప్పానా?" అన్నాడు. ఆ జవాబుతో నాకు ధైర్యం వచ్చింది. అలా వచ్చినందుకు ఇప్పుడు నామీద నాకే జాలేస్తుంది.

ఫోను బల్ల మధ్యలో పెట్టాం. అవతల మధ్యవర్తి, ఒకవైపు ఇమోజెన్, డీన్, ఇంకోవైపు స్లావిట్సా. మధ్యవర్తిది అలిసిపోయిన గొంతు, మర్యాదగా ఉంది. ఇది కోర్టు కాదని, ఇక్కడ తను ఎవరి తప్పూ తేల్చనని, రాజీ కుదురుతుందేమో చూడటానికేనని చెప్పాడు. స్లావిట్సా బాగా మాట్లాడింది. ఇమోజెన్ కూడా బాగానే మాట్లాడింది, అదే కష్టం. "ఆమె ఇంట్లో పెద్దావిణ్ణి చూసుకుంటున్నారని మాకు తెలిసుంటే మేం తప్పకుండా లెక్కలోకి తీసుకునేవాళ్ళం. మాకు వచ్చిన కారణాలు ఇవి" అని నా మెసేజ్‌లు చదవడం మొదలుపెట్టింది. వైను ఎక్కువైంది. చెల్లెలి పుట్టినరోజు. పొరుగువాళ్ళ పార్టీలో డాన్సు చేసి నడుం పట్టేసింది. ఒక్కోటి చదువుతుంటే ఒక్కో పొద్దు నా కళ్ళ ముందుకొచ్చింది. డాన్సు చేసిన పొద్దున నోలా గేటు తీసుకుని రాత్రి గౌనుతో పాడి వైపు నడిచిపోయింది. చలికి పెదాలు నీలమెక్కినావిణ్ణి వీపున వేసుకుని పొలం అడ్డంగా మోసుకొచ్చాను. నడుం పట్టేసిన మాట మాత్రం నిజం.

వారిక్ తల తిప్పి నన్ను చూశాడు. ఆ మెసేజ్‌లు అతను వినడం అదే మొదలు.

"అర్థమైంది" అన్నాడు మధ్యవర్తి. "రేలీన్, ఇది ముందుకి వెళ్తే అవతలివాళ్ళు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఆ రోజుల్లో మీరు ఇంట్లో ఆవిడ పని చేస్తున్నారని చెప్పగలిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"మా ఆయన ఇక్కడే ఉన్నాడు" అన్నాను. "ఆవిడ కన్నకొడుకు."

వారిక్ గొంతు సవరించుకున్నాడు. ఫోనుకి దగ్గరగా వంగాడు. "నేను చీకటితోనే సంతకి వెళ్ళిపోయేవాణ్ణి" అన్నాడు. "వచ్చేసరికి అమ్మ శుభ్రంగా కుర్చీలో కూచుని ఉండేది. భోజనం బల్లమీద ఉండేది. దుప్పట్లు బయట తీగ మీద ఆరుతూ ఉండేవి. రోజూ అలాగే ఉండేది. రేల్ ఆఫీసుకి వెళ్ళిన రోజూ అలాగే ఉండేది. ఏ రోజు వెళ్ళిందో ఏ రోజు వెళ్ళలేదో..." ఆగాడు. "క్షమించు రేల్. నేను చూళ్ళేదు."

"ఆమె ఎప్పుడూ మీతో చెప్పలేదా?" అడిగాడు మధ్యవర్తి.

"చెప్పిందేమో. అమ్మ సంగతులు చెప్పొద్దని నేనే అనేవాణ్ణి. వింటే తట్టుకోలేను."

ఇంకా ముందుకి వెళ్ళాలంటే కోర్టుకి వెళ్ళొచ్చని, ఇక్కడ రాజీ కుదరలేదని కాగితం ఇస్తానని, బాగా ఆలోచించుకోమని మధ్యవర్తి చెప్పాడు. నా పనితనం గురించి మంచి ఉత్తరం రాసిస్తామని ఇమోజెన్ అంది. చివర్లో డీన్ గొంతు వినబడింది. "జాగ్రత్త రేలీన్. ఎప్పుడైనా ఇటొస్తే కలువు. ఒక బీరు నా లెక్కలో." వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు, "అదే, టీ" అన్నాడు. నేను ఫోను కట్టేశాను.

వారిక్ బూట్లు విప్పుకుంటూ, "అబద్ధం చెప్పమంటావా మరి? ప్రమాణం మీద అడుగుతారు కదా రేపు" అన్నాడు. వద్దన్నాను. వారిక్ నిజాయితీపరుడు, నాకు తెలుసు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు, ఇంకో ఆడదాని వంక చూడలేదు. నావంకా చూడలేదు. ఇన్నేళ్ళూ ఎవరో నా పని దొంగిలిస్తున్నారనుకున్నాను, కొంతమంది దాన్ని కావాలనే తక్కువ చేస్తున్నారనుకున్నాను, ఆ కోపంతోనే బతికాను. దొంగిలించాలంటే ముందు అది కనబడాలి కదా. కోపానికి కూడా ఒక మనిషి కావాలి. అవతల ఎవరూ లేరు. కడిగిన గిన్నెలు ఉన్నాయి, ఆరిన దుప్పట్లు ఉన్నాయి, శుభ్రంగా కుర్చీలో కూచున్న తల్లి ఉంది. నేను ఎంత బాగా చేస్తే నేను అంత లేకుండా పోయాను.

"ఆశ్రమం వాళ్ళకి గది వద్దని నేను చెప్పనా, నువ్వు చెప్తావా?" అన్నాడు వారిక్.

"నువ్వే చెప్పు. నీకు అలవాటేగా" అన్నాను.

అతను ఫోను పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళాడు. రెండు మాటల్లో పనైపోయింది. టీవీ పెట్టాడు. పశువుల ధరలు చెప్తున్నారు. నోలా వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. వాసన బట్టి తెలిసింది. "రా నోలా, స్నానం చేద్దాం" అన్నాను. "మా అమ్మకి చెప్పకు" అంది. చెప్పనన్నాను.

స్నానాలగది సరిగ్గా ముందుగదికి ఎదురు. వారిక్ కుర్చీలోంచి కళ్ళెత్తితే సూటిగా లోపలికే. నీళ్ళు వదిలాను, వేడి చూశాను. తలుపు వెయ్యలేదు. బార్లా తెరిచి, మళ్ళీ మూసుకోకుండా మాసిన బట్టల బుట్ట అడ్డం పెట్టాను. చూడు, అనుకున్నాను. ఒక్కసారి కళ్ళెత్తి చూడు. మీ అమ్మ గౌను ఎలా విప్పుతానో, తడిసి ఒంటికి అంటుకుపోయిన దాన్ని తోలు లేవకుండా ఎలా తీస్తానో, నా మెడ చుట్టూ చేతులు వేయించుకుని ఆ బరువంతా ఎలా ఎత్తుతానో, కాళ్ళ మధ్య ఎలా తుడుస్తానో, తుడుస్తుంటే ఆవిడ నన్ను ఎలా గిచ్చుతుందో చూడు. తట్టుకోలేకపోతే తట్టుకోకు. రేపు ఎవరైనా అడిగితే చూశానని చెప్పడానికైనా చూడు. గౌను పైకి లాగాను. నోలా చలికి కాదు, వేరే దేనికో వణికింది. గుమ్మంలోంచి టీవీ వెలుగు ఆవిడ ఒంటిమీద పడుతోంది. రెండు చేతులూ రొమ్ముల మీద అడ్డంగా పెట్టుకుని నా వెనక్కి నక్కింది. ఎన్నాళ్ళుగానో లేని స్పష్టత వచ్చింది ఆవిడ గొంతులోకి.

"తలుపు వెయ్యి అమ్మాయ్. బయట మగవాళ్ళున్నారు."

వేశాను.